చూపు బాగున్నా కంటి పరీక్ష ఎందుకు? షుగర్ ఉన్నవారు తెలుసుకోవాల్సిన సంగతి

కంటి డాక్టర్ గదిలో ఎదురుగా ఉన్న అక్షరాల బోర్డును చివరి వరుస దాకా తడుముకోకుండా చదివేసిన మనిషికి, కాసేపాగి "మీ రెటీనాలో కొత్త రక్తనాళాలు పెరుగుతున్నాయి, లేజర్ చేయాల్సి ఉంటుంది" అని చెప్పాల్సి రావడం షుగర్ వ్యాధిలో కొత్తేమీ కాదు. విన్నవాళ్లకు నమ్మబుద్ధి కాదు. "నాకు బాగానే కనిపిస్తోంది కదా!" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, వాళ్లకు బాగానే కనిపిస్తోంది. డాక్టర్ చెప్పేదీ నిజమే. ఈ రెండూ ఒకే కంట్లో ఎలా కుదురుతాయన్నది అర్థమైతే, ఇబ్బందేమీ లేకపోయినా ఏటా పరీక్ష ఎందుకు చేయించుకోవాలన్న ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

రెటీనా అనేది కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే పల్చటి పొర. దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. వెలుతురును అందుకుని మెదడుకు పంపేది ఇదే. అయితే అక్షరాలు చదవడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి మనం వాడుకునేది రెటీనా మొత్తాన్ని కాదు. దాని నడుమ ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుండే మాక్యులా అనే భాగం ఉంది. మాక్యులాలో కూడా సరిగ్గా మధ్యన ఉండే అతి చిన్న చోటే మనకు సూక్ష్మమైన చూపునిస్తుంది. బోర్డు చదివించినప్పుడు పరీక్షకు వచ్చేది ఆ కాస్త మేర మాత్రమే. చుట్టూ ఉన్న రెటీనాలో రక్తం చిమ్మినా, నాళాలు మూసుకుపోయినా బోర్డు ముందు ఆ విషయం బయటపడదు.

పైగా రెటీనాకు నొప్పి తెలిపే నరాలు లేవు. పన్ను పుచ్చితే సలుపుతుంది, కాలికి పుండైతే కనిపిస్తుంది. రెటీనా దెబ్బతింటున్నప్పుడు మాత్రం నొప్పి, ఎరుపు, దురద ఏవీ ఉండవు. ఒక కంట్లో చూపు మెల్లగా తగ్గుతున్నా రెండో కన్ను ఆ లోటు తెలియనివ్వదు. ఏదో ఒకరోజు బాగున్న కంటిని చేత్తో మూసుకున్నప్పుడు గానీ సంగతి తెలియనివాళ్లు ఎందరో.

షుగర్ వ్యాధి కంటిలోపల చేసే నష్టానికి డయాబెటిక్ రెటినోపతి అని పేరు. ఇది పెద్ద రక్తనాళాల్లో కాదు, వెంట్రుక కన్నా సన్నగా ఉండే అతి చిన్న నాళాల్లో మొదలవుతుంది. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో ఆక్సిజన్‌ను బాగా ఎక్కువగా వాడుకునే కణజాలాల్లో రెటీనా ఒకటి. కాబట్టి ఈ చిన్న నాళాల్లో ఏ తేడా వచ్చినా దానిమీద దెబ్బ పడుతుంది.

ఈ నాళాల గోడను బయటినుంచి హత్తుకుని పెరిసైట్లు అనే కణాలుంటాయి. గోడకు బలం, పట్టు వీటివల్లే వస్తాయి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. పట్టు తప్పిన చోట గోడ బయటికి ఉబ్బి చిన్న బుడిపె అవుతుంది. దీన్ని మైక్రోఅన్యూరిజం అంటారు. పరీక్షలో డాక్టర్‌కు మొదట కనిపించే ఆనవాలు సాధారణంగా ఇదే, ఒక ఎర్రటి చుక్కలా ఉంటుంది. తర్వాత రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి, నాళాల గోడలు కారడం. రెండోది, నాళాలు మూసుకుపోవడం. రెటినోపతిలో చూపు పోయే దారులన్నీ ఈ రెండింటి నుంచే వస్తాయి. వీటిని విడివిడిగా చూస్తే మిగతా గందరగోళమంతా తేలిపోతుంది.

ముందు కారడం సంగతి. బలహీనపడిన గోడల గుండా రక్తంలోని నీరు, కొవ్వు పదార్థాలు, ఒక్కోసారి రక్తమే రెటీనా పొరల్లోకి ఊరుతాయి. ఇది అంచుల్లో జరిగితే మనకు ఏమీ తెలియదు. మాక్యులాలో జరిగితే అక్కడ వాపు వస్తుంది. గీతలు వంకరగా కనబడతాయి, అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి, రంగులు వెలిసినట్టవుతాయి. దీన్ని మాక్యులర్ ఎడీమా అంటారు. షుగర్ వల్ల చూపు తగ్గినవారిలో ఎక్కువమందికి కారణం ఇదే. రెటినోపతి బాగా ముదిరాకే ఈ వాపు వస్తుందనుకోవద్దు, ఏ దశలోనైనా రావచ్చు. వాపు మాక్యులా నడిమధ్యకు చేరేదాకా చూపు మామూలుగానే ఉండొచ్చు. ఆలోపు పట్టుకోగలిగితే చికిత్స బాగా పనిచేస్తుంది.

మూసుకుపోవడం దీనికన్నా నెమ్మదిగా జరుగుతుంది, దీనికన్నా ప్రమాదం. రక్తం అందని రెటీనా భాగం ఆక్సిజన్ కోసం అల్లాడుతూ వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. "ఇక్కడ కొత్త నాళాలు కావాలి" అని శరీరానికి అది పంపే కబురన్నమాట. శరీరం ఆ కబురు అందుకుని నిజంగానే కొత్త నాళాలు పుట్టిస్తుంది. కానీ అవి పుట్టకూడని చోట పుడతాయి, గోడలు బొత్తిగా నాసిగా ఉంటాయి. కంటి లోపలి ఖాళీని నింపుతూ గుడ్డులోని తెల్లసొన లాంటి జిగురు పదార్థం ఒకటుంటుంది, దాని పేరు విట్రియస్. కొత్త నాళాలు దాన్ని ఆసరా చేసుకుని పైకి పాకుతాయి. ఏదో ఒకరోజు, నిద్రలోనైనా సరే, వాటిలో ఒకటి చిట్లి కన్ను లోపల రక్తంతో నిండిపోతుంది. నిన్నటిదాకా అన్నీ కనిపించిన మనిషికి పొద్దున లేచేసరికి ఒక కన్ను చీకటి. కొందరిలో ఈ నాళాల వెంట పెరిగిన మచ్చ కణజాలం ముడుచుకుంటూ రెటీనాను గోడనుంచి ఊడబెరుకుతుంది. ఇంకొందరిలో కనుపాప చుట్టూ ఉండే రంగు పొర మీదకు కూడా కొత్త నాళాలు పాకి, కంటిలోని నీరు బయటికి పోయే దారిని మూసేస్తాయి. అప్పుడు కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగి, భరించలేని నొప్పితో గ్లాకోమా వస్తుంది.

మొదట్లో చెప్పిన మనిషిది ఈ రెండో దారి. అంచుల్లో నాళాలు మూసుకుపోయాయి, కొత్తవి పుట్టాయి, ఇంకా ఏదీ చిట్లలేదు. మాక్యులా జోలికి జబ్బు రాలేదు. అందుకే బోర్డు చదవగలిగాడు. చికిత్సకు అంతకన్నా మంచి సమయం ఉండదు. అయితే ఆ సంగతి అతనికి తనంతట తానుగా తెలిసే మార్గమే లేదు.

ఇది ఎంతమందికి వస్తుంది? వివిధ దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2012లో వెలువడింది. దాని ప్రకారం షుగర్ ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక స్థాయిలో రెటినోపతి ఉంది. సుమారు పదిమందిలో ఒకరికి చూపును దెబ్బతీసే స్థాయిలో ఉంది. తక్కిన రెండు వంతుల మందికి ఏమీ లేదు కదా అని ధైర్యపడొచ్చు, పడాలి కూడా. కాకపోతే తాను ఏ వాటాలో ఉన్నదీ కంటిలోపలికి చూస్తే తప్ప తెలియదు.

పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలన్నది షుగర్ రకాన్ని బట్టి మారుతుంది. టైప్ 2 వారికి షుగర్ ఉందని తేలిన వెంటనే చేయించాలి. "నిన్నగాక మొన్న బయటపడింది, అప్పుడే కళ్లకేమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. బయటపడింది నిన్నే కావచ్చు, కానీ టైప్ 2 ఏ లక్షణమూ లేకుండా ఏళ్లపాటు శరీరంలో ఉండగలదు. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో చేరినవారంతా కొత్తగా షుగర్ నిర్ధారణ అయినవారే. వాళ్ల కళ్లు పరీక్షిస్తే మూడో వంతుకు పైగా మందిలో అప్పటికే రెటినోపతి ఆనవాళ్లున్నాయి. టైప్ 1లో షుగర్ ఉన్నట్టుండి బయటపడుతుంది, మొదలైన సమయం దాదాపు కచ్చితంగా తెలుస్తుంది. కాబట్టి మొదటి పరీక్షను ఐదేళ్లలోపు చేయిస్తే సరిపోతుందంటారు. తర్వాత ఇద్దరికీ మామూలుగా ఏటా ఒకసారి.

గర్భం దాల్చాలనుకునే షుగర్ ఉన్న స్త్రీలు ముందే కళ్లు చూపించుకోవాలి, గర్భం వచ్చాక మొదటి మూడు నెలల్లో మళ్లీ చూపించుకోవాలి. గర్భధారణలో రెటినోపతి వేగం పుంజుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రమే వచ్చి కాన్పు తర్వాత పోయే షుగర్‌కు ఈ నియమం వర్తించదు, రెటీనా దెబ్బతినేంత కాలం అది ఉండదు.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. "నా షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. మరి పరీక్ష దేనికి?"

షుగర్ అదుపులో ఉంచుకోవడం రెటీనాకు చేయగలిగిన గొప్ప మేలు, ఇందులో సందేహం లేదు. టైప్ 1 వారి మీద జరిగిన డీసీసీటీ అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. గ్లూకోజ్‌ను గట్టిగా అదుపులో ఉంచుకున్నవారిలో రెటినోపతి కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అప్పటికే కొంత ఉన్నవారిలో అది ముదరడం 54 శాతం తగ్గింది. వైద్యంలో ఇంత పెద్ద తేడా చూపే అంకెలు అరుదు. యూకేపీడీఎస్‌లో 1998 నాటికి మరో సంగతి తేలింది: బీపీని గట్టిగా అదుపులో ఉంచినవారిలో రెటినోపతి ముదరడం సుమారు మూడో వంతు తగ్గింది. షుగర్ అంకె చూసుకునే చాలామంది బీపీని అంత పట్టించుకోరు, కంటి విషయంలో అది పొరపాటు.

కానీ ముప్పు తగ్గడం వేరు, లేకుండా పోవడం వేరు. డీసీసీటీలో గట్టి అదుపు పాటించిన కొందరికి కూడా రెటినోపతి వచ్చింది. ఎన్నేళ్లుగా షుగర్ ఉందన్నది దానంతటదే ఒక ముప్పు. పైగా సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష ఈ మూడు నెలలకు బాగుంటే అది ఈ మూడు నెలల సంగతే చెబుతుంది. పదేళ్ల కిందటి నిర్లక్ష్యం రెటీనాలో ఇంకా నడుస్తూ ఉండొచ్చు. డీసీసీటీ ముగిశాక గట్టి అదుపు పాటించిన గుంపులోనూ, మామూలు చికిత్స తీసుకున్న గుంపులోనూ షుగర్ అంకెలు దాదాపు సమానమయ్యాయి. అయినా మొదట్లో గట్టి అదుపులో ఉన్నవారి కళ్లే తర్వాత ఏళ్ల తరబడి మెరుగ్గా ఉన్నాయి. పాత మంచీ పాత చెడూ రెండూ కణాల్లో అలా మిగిలిపోతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దీన్ని రోగులకు ఇంకా బాగా చెప్పాలని నాకనిపిస్తుంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా బాగా తగ్గించినప్పుడు, అప్పటికే రెటినోపతి ఉన్నవారిలో అది కొన్ని నెలలపాటు ముదరవచ్చు. డీసీసీటీలోనే ఇది కనిపించింది. షుగర్ తగ్గించే సెమాగ్లూటైడ్ అనే మందు మీద 2016లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, మందు తీసుకున్నవారిలో రెటినోపతి సమస్యలు 3 శాతం మందికి, తీసుకోనివారిలో 1.8 శాతం మందికి వచ్చాయి. షుగర్ వేగంగా పడిపోవడమే ఇందుకు ముఖ్య కారణం కావచ్చని నిపుణులు భావించారు. దీన్నిబట్టి షుగర్ తగ్గించుకోకూడదని అర్థం కాదు. దీర్ఘకాలంలో లాభం తగ్గించుకోవడంలోనే ఉంది. కాకపోతే ఇన్సులిన్ గానీ, బలమైన కొత్త మందు గానీ మొదలుపెట్టే ముందు కళ్ల పరిస్థితి ఏమిటో తెలిసి ఉండాలి. మందు మారుస్తున్న డాక్టర్‌ను "ముందు కళ్లు చూపించుకోవాలా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అద్దాల పవర్ చూపించుకుంటే కంటి పరీక్ష అయిపోయినట్టేనన్నది ఇంకో అపోహ. పవర్ చూసే పరీక్ష కంటి ముందు భాగం వెలుతురును ఎంత సరిగ్గా వంచుతోందో చెబుతుంది. రెటీనా గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఇంకా చెప్పాలంటే, షుగర్ బాగా పెరిగి తగ్గుతున్న రోజుల్లో కంటి లోపలి లెన్స్ నీరు పట్టడం వల్ల పవరే మారిపోతుంటుంది. అలాంటప్పుడు కొత్త అద్దాలు చేయించుకోవడం డబ్బు దండగ. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చూపించుకోవాలి.

రెటీనా చూడాలంటే కనుపాప పెద్దది కావాలి. అందుకే చుక్కలు వేసి అరగంట దాకా కూర్చోబెడతారు. తర్వాత డాక్టర్ ప్రత్యేకమైన లెన్స్‌తో, వెలుతురుతో కంటి వెనక గోడనంతా అంచులదాకా చూస్తారు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ అనే పరికరాన్ని కనిపెట్టేదాకా బతికున్న మనిషి రెటీనాను చూసే దారే దాదాపు లేదు. శరీరంలో ఎక్కడా కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా కళ్లతో చూడగలిగే అరుదైన చోట్లలో ఇదొకటి. చుక్కల ప్రభావం కొన్ని గంటలుంటుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ గుచ్చుకుంటుంది. కాబట్టి ఆ రోజు బండి నడపకుండా, వెంట ఒకర్ని తీసుకెళ్లడం మంచిది. ఇందులో నొప్పి లేదు.

చుక్కలు లేకుండానే రెటీనా ఫొటో తీసే కెమెరాలు కూడా ఇప్పుడున్నాయి. ఆ ఫొటోను చూసి, డాక్టర్ చదవకుండానే రెటినోపతి ఉందో లేదో చెప్పే కృత్రిమ మేధ పరికరానికి 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. జబ్బు ఉన్నవారిని వడపోసి పట్టుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. కానీ ఫొటోలో తేడా కనిపించినా, ఫొటో సరిగ్గా రాకపోయినా చుక్కలు వేసి చేసే పూర్తి పరీక్ష తప్పదు. మాక్యులా వాపు అనుమానం ఉంటే ఓసీటీ స్కాన్ తీస్తారు. అది రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది, ఎక్కడ ఎంత మందం పెరిగిందో మైక్రాన్లలో కొలుస్తుంది. తాకదు, గుచ్చదు, నిమిషాల్లో అయిపోతుంది.

ముందే తెలిస్తే ఏం చేస్తారు? కొద్దిపాటి మార్పులుంటే కంటికి చికిత్సేమీ ఉండదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ సరిచేసుకోమంటారు, పొగతాగేవాళ్లను మానమంటారు, అవసరాన్ని బట్టి తర్వాతి పరీక్షను ముందుకు జరుపుతారు. కొత్త నాళాలు పుట్టినప్పుడు రెటీనా అంచుల్లో లేజర్‌తో వందల కొద్దీ చిన్న మచ్చలు వేస్తారు. ఆక్సిజన్ కోసం అల్లాడుతున్న భాగాన్ని కొంత వదులుకుంటే వీఈజీఎఫ్ తగ్గుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. ఈ పద్ధతి చూపు తీవ్రంగా పోయే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతి స్టడీ 1976లోనే చూపించింది. దీనికి మూల్యం లేకపోలేదు. పక్కచూపు, రాత్రిపూట చూపు కొంత తగ్గొచ్చు. నడిమి చూపును కాపాడుకోవడానికి అంచు చూపులో కొంత ఇచ్చుకోవడమే ఇది, ఈ సంగతి రోగికి ముందే విడమరిచి చెప్పాలి.

ఇప్పుడు వీఈజీఎఫ్‌ను నేరుగా అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. కంటిలోకి ఇంజెక్షనంటే ఎవరికైనా టెన్షనే. కానీ మత్తు చుక్కలు వేసి సన్నటి సూదితో ఇస్తారు, క్షణాల్లో అయిపోతుంది. మాక్యులా వాపుకు ఇప్పుడు ఇవే ప్రధాన చికిత్స, చాలామందికి తగ్గిన చూపు కొంత తిరిగి వస్తుంది కూడా. మొదట్లో నెలకోటి చొప్పున, తర్వాత అవసరాన్ని బట్టి వేస్తారు. కొత్త నాళాల కోసం లేజర్ లేకుండా కేవలం ఇంజెక్షన్లనే నమ్ముకున్నవారు మధ్యలో రావడం మానేస్తే, జబ్బు ఉధృతంగా తిరగబెట్టి రెటీనా ఊడిపోయే దాకా వెళ్లొచ్చు. క్రమం తప్పకుండా రాగలరో లేదో డాక్టర్‌కు దాచకుండా చెప్పడం అందుకే ముఖ్యం. రక్తం నిండిపోయిన కంటికి, రెటీనా ఊడిన కంటికి విట్రియస్‌ను తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ ఉంది. అది ఎంతో నేర్పుతో చేసే ఆపరేషన్, ఎందరికో చూపును నిలబెట్టింది. అయినా రక్తం అందక చనిపోయిన రెటీనా కణాలను ఏ చికిత్సా తిరిగి బతికించలేదు. చికిత్స ఎంత పనిచేస్తుందన్నది ఎంత తొందరగా మొదలైందన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఈ మాటకు దేశం స్థాయిలో రుజువుంది. ఇంగ్లాండ్ 2003లో పన్నెండేళ్లు దాటిన షుగర్ ఉన్నవారందరికీ రెటీనా ఫొటో పరీక్షలు మొదలుపెట్టింది. అంతకుముందు సుమారు అయిదు దశాబ్దాలపాటు అక్కడ పనిచేసే వయసువారిలో అంధత్వానికి మొదటి కారణం షుగరే. 2009-10 లెక్కలు తీసేసరికి ఆ మొదటి స్థానం వంశపారంపర్య రెటీనా జబ్బులకు పోయింది. దీనికి షుగర్ చికిత్స మెరుగుపడటమూ ఒక కారణమే. అయినా జబ్బు ఉన్నవారిని వెతికి పట్టుకోవడం వల్ల వచ్చిన ఫలితంగా దీన్ని వైద్యలోకం గుర్తించింది. అదే ఇంగ్లాండ్‌లో ఇప్పుడు వరసగా రెండు పరీక్షల్లో ఏ మార్పూ కనిపించనివారిని రెండేళ్లకోసారి రమ్మంటున్నారు. పరీక్ష మధ్య ఎడం ఎంతన్నది ఇలా ఆధారాలతో తేల్చాల్సిన విషయం. ఎవరికి వారు "పోయినేడాది బాగానే ఉంది కదా" అనుకుని పెంచుకునేది కాదు.

పరీక్షకు వెళ్లకపోవడానికి సోమరితనమే కారణం అనుకోను. చాలామందిని ఆపేది భయం, దాని వెనక కాస్త సిగ్గు. షుగర్ సరిగ్గా చూసుకోలేదని డాక్టర్ తిడతారేమోనని, చెడ్డమాట వినాల్సి వస్తుందేమోనని వాయిదా వేస్తుంటారు. రెటినోపతి ఎవరి తప్పుకూ శిక్ష కాదు. అన్నీ పాటించినవారికీ వస్తుంది. తిట్లు రోగిని ఇంకో రెండేళ్లు ఆసుపత్రికి దూరం చేయడం తప్ప ఏ మేలూ చేయవు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే "కళ్లు చూపించుకున్నావా?" అని అడిగి వదిలేయకుండా, అపాయింట్‌మెంట్ తీసుకుని వెంట వెళితే ఈ భయం సగం తగ్గుతుంది.

పరీక్షలో తేలిన సంగతి షుగర్ చూసే డాక్టర్‌కూ చేరాలి. రెటీనాలో చిన్న నాళాలు దెబ్బతిన్నాయంటే కిడ్నీల్లోని చిన్న నాళాలను కూడా చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట. కొత్త నాళాలు పెరుగుతున్న దశలో బరువులెత్తే కసరత్తులు కంట్లో రక్తస్రావానికి దారితీయొచ్చు, కాబట్టి వ్యాయామం గురించీ అడిగి తెలుసుకోవాలి. శుక్లాలు కూడా షుగర్ ఉన్నవారికి తొందరగా వస్తాయి. అవి బాగా ముదిరి రెటీనా కనిపించకుండా అడ్డుపడితే ఆపరేషన్‌కు అదీ ఒక కారణమవుతుంది.

ఏడాది గడువు ఉందికదా అని ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కంటి ముందు ఒక్కసారిగా నల్లటి చుక్కలు, పోగులు తేలడం, మెరుపులు మెరిసినట్టు అనిపించడం, ఒక పక్కనుంచి తెర దిగినట్టు చీకటి కమ్మడం, ఒక కంట్లో చూపు ఉన్నట్టుండి తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, కంట్లో తీవ్రమైన నొప్పి. వీటిలో ఏది వచ్చినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి, పోయిన నెలలోనే పరీక్ష బాగుందని చెప్పి ఉన్నా సరే.